‘మునిగిపోయింది’కి ఇంగ్లీషులో ఎన్ని మాటలు? ఆపద వేళ అక్కరకొచ్చే ఇంగ్లీషు, మెట్టు మెట్టుగా

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు సింగ్‌నగర్ వీధుల్లోకి వచ్చేసిందని తెలిసి బెజవాడలో అందరం ఫోన్లు చేతిలో పట్టుకుని కూర్చున్నాం. నా దగ్గర స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకునే ఒక అమ్మాయి నుంచి ఇంగ్లీషులో ఒకే ఒక్క వాక్యం వచ్చింది: "అవర్ ఫ్యామిలీ ఈజ్ డ్రౌన్డ్, ప్లీజ్ హెల్ప్." అదే వాక్యం అమెరికాలో ఉన్న వాళ్లన్నయ్యకూ వెళ్లింది. అతను కంగారులో దాన్ని ఉన్నదున్నట్టు సోషల్ మీడియాలో పెట్టేశాడు. కాసేపటికి దాని కింద ఎవరో సంతాపం రాశారు.

నిజానికి ఇంటిల్లిపాదీ డాబా మీద క్షేమంగానే ఉన్నారు. మునిగింది కింది గదులు. ఆ అమ్మాయి మనసులో అనుకున్నది ‘మునిగిపోయాం’ అని. రాసింది మాత్రం ‘నీళ్లలో మునిగి చనిపోయాం’ అని. పైగా ఏ వీధో లేదు, ఎన్నో అంతస్తో లేదు, ఎంతమందో లేదు. పడవ పంపుదామనుకున్నవాడికి కూడా ఎటు పంపాలో తెలియదు.

ఆ వారం తర్వాత నా క్లాసులో పాఠాల వరస మార్చేశాను. మాటల పట్టిక ఇచ్చి బట్టీ పట్టించడం మానేశాను. ఆపద ఏ వరసలో వస్తుందో మాటల్ని ఆ వరసలో నేర్పుతున్నాను. మీరూ అలాగే నేర్చుకోండి.

మొదటి మెట్టు: ఇంగ్లీషు ఎక్కడ అక్కర్లేదో తెలుసుకోవడం

ఇంగ్లీషు మాస్టారు ఈ మాట అంటే వింతగా ఉంటుందేమో. విజయవాడలోనో గుంటూరులోనో ఉండి 112కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడండి. అంబులెన్సుకు 108, ఫైరింజనుకు 101, రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూముకు 1070, జిల్లా కంట్రోల్ రూముకు 1077. ఎక్కడైనా తెలుగే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు గ్రామర్ వెతుక్కుంటూ నీళ్లు నమలడం కంటే తెలివితక్కువ పని లేదు.

మరి ఇంగ్లీషు ఎందుకంటే, నాకు తెలిసి నాలుగు చోట్ల. ఒకటి, ఫోనుకు వచ్చే హెచ్చరికలు, వాతావరణ శాఖ బులెటిన్లు చదవడానికి. రెండు, బయటి రాష్ట్రాల నుంచి వచ్చే సహాయక బృందాలతో మాట్లాడడానికి. మనకు గన్నవరం దగ్గర కొండపావులూరులోనే ఎన్‌డీఆర్‌ఎఫ్ పదో బెటాలియన్ ఉంది కానీ అందులోనూ అన్ని రాష్ట్రాలవాళ్లూ ఉంటారు. నిజం చెప్పాలంటే వాళ్ల దగ్గర ఇంగ్లీషు కంటే నాలుగు హిందీ ముక్కలు ఎక్కువ పనిచేస్తాయి. మూడు, వరద తగ్గాక ఇన్సూరెన్సు కాగితాలకు. నాలుగు, విదేశాల్లో ఉన్న మన పిల్లలకు. ఈ నాలుగో అవసరం కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎన్ని ఇళ్లలో ఉందో నేను చెప్పక్కర్లేదు.

రెండో మెట్టు: హెచ్చరికను చదవడం

వాచ్, అలర్ట్, వార్నింగ్. మూడింటినీ తెలుగులో ‘హెచ్చరిక’ అనేసి ఊరుకుంటాం. ఇంగ్లీషులో అవి మెట్లు. వాతావరణ శాఖ రంగుల్లో పసుపు అంటే వాచ్, గమనిస్తూ ఉండమని. ఆరెంజ్ అంటే అలర్ట్, సర్దుకుని సిద్ధంగా ఉండమని. ఎరుపు అంటే వార్నింగ్, ఇక కదలమని. అమెరికాలో టోర్నడో విషయంలోనూ ఇంతే. ‘టోర్నడో వాచ్’ అంటే అలాంటి గాలులకు అనువైన వాతావరణం ఉందని. ‘టోర్నడో వార్నింగ్’ అంటే సుడిగాలి కంటికో రాడారుకో కనబడిందని, వెంటనే బేస్‌మెంటులోకి దిగమని. ఈ రెండింటినీ తారుమారుగా అర్థం చేసుకుంటే వార్నింగ్ వచ్చినా కిటికీ దగ్గర నిలబడి వీడియో తీస్తుంటారు.

తుపాను బులెటిన్లకు వేరే వరస ఉంది. సుమారు 72 గంటల ముందు ప్రీ సైక్లోన్ వాచ్, 48 గంటల ముందు సైక్లోన్ అలర్ట్, 24 గంటల ముందు సైక్లోన్ వార్నింగ్. చివరిది పోస్ట్ ల్యాండ్‌ఫాల్ అవుట్‌లుక్. పేరులో ‘పోస్ట్’ ఉంది కదా అని తుపాను వెళ్లిపోయాక వచ్చేది అనుకుంటారు చాలామంది. కాదు. తీరం దాటడానికి దాదాపు 12 గంటల ముందే ఇస్తారు. దాటాక లోపలి జిల్లాల్లో ఏం జరగబోతోందో చెప్పేది అది.

ల్యాండ్‌ఫాల్ అన్న మాటకు నేల కూలడం అని అర్థం రాసిన విద్యార్థులున్నారు. కొండచరియ విరిగిపడటం ల్యాండ్‌స్లైడ్. ల్యాండ్‌ఫాల్ అంటే తుపాను కేంద్రం సముద్రం మీంచి నేల మీదికి రావడం. మన పేపర్లు రాసే ‘తీరం దాటింది’ అన్న మాటలోనూ చిన్న మోసం ఉంది. దాటింది అనగానే గండం గడిచింది అనిపిస్తుంది. తీరంవాసులకు అసలు దెబ్బ అప్పుడే. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గుంటూరు వైపు చేలు ఏమయ్యాయో చూశాం కదా. తుపాను కన్ను, అంటే ‘ఐ’, మన మీదుగా పోతున్నప్పుడు గాలి చటుక్కున ఆగిపోతుంది. ఇంగ్లీషు బులెటిన్‌లో ‘లల్’ అని కనబడితే అదే. బయటికి రాకండి, కాసేపట్లో గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొడుతుంది.

ఉప్పెనకు ఇంగ్లీషు మాట స్టార్మ్ సర్జ్. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచింది అదే. బులెటిన్‌లో ఈ రెండు మాటలూ కనబడ్డాయంటే గాలి వేగం అంకె కంటే ముందు వాటి పక్కనున్న మీటర్ల అంకె చూడాలి.

వానకూ కొలతలున్నాయి. మనం ‘కుండపోత’ అని ఊరుకుంటాం. బులెటిన్‌లో ‘హెవీ’ అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి 115.5 వరకు, ‘వెరీ హెవీ’ అంటే 204.4 వరకు, ‘ఎక్స్‌ట్రీమ్‌లీ హెవీ’ అంటే ఆ పైన. అంటే అక్కడ ‘వెరీ’ ఊరికే ఊతపదంగా రాసింది కాదు, వెనక ఒక అంకె ఉంది.

క్యూసెక్కు మనకు కొత్త కాదు, పల్లెటూరి రైతు కూడా అలవోకగా అనే మాట. సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్ల పైచిలుకు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు రెండో హెచ్చరిక. 2024 సెప్టెంబర్‌లో దిగువకు వెళ్లింది 11.43 లక్షల దాకా. సెకనుకు మూడు కోట్ల లీటర్ల పైనే. ఇక్కడ ‘ఇన్‌ఫ్లో’ అంటే పైనుంచి వచ్చేది, ‘అవుట్‌ఫ్లో’ లేదా ‘డిశ్చార్జ్’ అంటే కిందికి వదిలేది. కృష్ణలంకవాళ్లూ లంక గ్రామాలవాళ్లూ చూడాల్సింది రెండోది.

మూడో మెట్టు: నీళ్లు చేసే పనులు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. తప్పులన్నీ ఇక్కడే.

తెలుగులో పడవ మునిగింది, ఇల్లు మునిగింది, ఊరు మునిగింది, మనిషి మునిగాడు. అన్నింటికీ ఒకటే క్రియ. ఇంగ్లీషులో ఒక్కోదానికి ఒక్కో మాట. పడవ ‘సింక్’ అవుతుంది. తిరగబడితే ‘క్యాప్‌సైజ్’ అవుతుంది. ఇల్లు పైదాకా నీళ్లలో ఉంటే ‘సబ్‌మర్జ్‌డ్’, నీళ్లు లోపలికి వచ్చి నిలిస్తే ‘ఫ్లడెడ్’. ఊరంతా, పొలాలంతా నీళ్లు పరుచుకుంటే ‘ఇనన్‌డేటెడ్’. డ్రౌన్ అన్నది మాత్రం ఊపిరి పీల్చే ప్రాణికే.

అందులోనూ కాలాన్ని బట్టి ప్రాణం ఉన్నట్టో పోయినట్టో మారిపోతుంది. "హీ ఈజ్ డ్రౌనింగ్" అంటే ఇంకా కొట్టుకుంటున్నాడు, పరుగెత్తండి అని. "హీ డ్రౌన్డ్" అంటే అయిపోయింది అని. చనిపోతే తప్ప ‘డ్రౌన్డ్’ అనకండి. బయటికి తీశాం, ఊపిరి ఉంది అని చెప్పాలంటే "వియ్ పుల్డ్ హిమ్ అవుట్. హీ ఈజ్ బ్రీదింగ్." ఇంత చిన్న వాక్యాలు చాలు.

‘కొట్టుకుపోవడం’ కూడా ఇలాంటిదే. మనిషిని ప్రవాహం లాక్కుపోతే ‘స్వెప్ట్ అవే’. రోడ్డో, వంతెనో, గుడిసో పోతే ‘వాష్డ్ అవే’. కట్టు తెంచుకున్న పడవ దిక్కులేకుండా పోతుంటే ‘అడ్రిఫ్ట్’. ఆ సెప్టెంబర్‌లో అలా కొట్టుకొచ్చిన పడవలే ప్రకాశం బ్యారేజీ గేట్లను గుద్దితే కౌంటర్‌వెయిట్లు, అంటే గేట్లకు సమతూకంగా ఉండే బరువు దిమ్మెలు, దెబ్బతిన్నాయి. అలా గుద్దడాన్ని ఇంగ్లీషు పేపర్లు ‘ర్యామ్డ్ ఇన్‌టు’ అని రాస్తాయి.

ఇక బుడమేరు కథనే పాఠంగా చెప్పుకుంటే మాటలు బాగా గుర్తుంటాయి. ముందు నీళ్లు పెరిగాయి: ‘రైజ్’. కాలువ అంచు దాటి పొర్లాయి: ‘ఓవర్‌ఫ్లో’. కట్ట తెగింది: ‘బ్రీచ్’. బుడమేరు డైవర్షన్ కాలువకు మూడు గండ్లు పడ్డాయి. సైన్యం కూడా వచ్చి చేయివేస్తే సెప్టెంబర్ 7 నాటికి మూడోదీ పూడింది. గండి పూడ్చడం ‘ప్లగ్ ద బ్రీచ్’. ఆ తర్వాత నీళ్లు తీశాయి: ‘రిసీడ్’. తెలుగులో మనం ‘వరద తీసింది’ అంటామే, సరిగ్గా అదే మాట. బ్రీచ్ అన్నప్పుడు చివరి ‘చ్’ నొక్కి పలకండి. ఫోనులో అది బ్రిడ్జ్ లాగానో బీచ్ లాగానో వినిపించిందంటే అవతలివాడు పడవను వంతెన దగ్గరికి పంపుతాడు.

నాలుగో మెట్టు: మనుషులు ఏ స్థితిలో ఉన్నారు

‘చిక్కుకుపోయాం’ అన్నదానికి మళ్లీ రెండు. డాబా మీద ఉన్నారు, కదిలే దారి లేదు, కానీ ఒంటికేమీ కాలేదు. ఇది ‘స్ట్రాండెడ్’. చుట్టూ నీళ్లే అయితే ‘మరూన్డ్’ అని కూడా అంటారు. శిథిలాల కిందో, లిఫ్టులోనో, తలుపు తెరుచుకోని గదిలోనో ఇరుక్కుంటే ‘ట్రాప్డ్’. వినేవాడి తొందర ఈ మాటను బట్టే ఉంటుంది. ట్రాప్డ్ అంటే పలుగూ కట్టరూ పట్టుకుని వస్తారు. స్ట్రాండెడ్ అంటే పడవో నిచ్చెనో తెస్తారు. ఆ అమ్మాయి రాయాల్సింది "వియ్ ఆర్ స్ట్రాండెడ్" అని, అంతే.

‘క్యాజువల్టీ’ మాట జాగ్రత్త. మనకది ఆస్పత్రిలో ఒక వార్డు పేరు. వార్తల్లో క్యాజువల్టీస్ అంటే చనిపోయినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి. పది మంది క్యాజువల్టీస్ అని చదివి పది మంది పోయారని వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. చనిపోయినవాళ్ల లెక్క ‘డెత్ టోల్’. ‘మిస్సింగ్’ అంటే జాడ తెలియనివాళ్లు, దానికి అంతకు మించి ఏ అర్థమూ లేదు.

స్పృహ విషయంలో రెండే ప్రశ్నలు అడుగుతారు, ప్రపంచంలో ఎక్కడైనా. "ఈజ్ హీ కాన్షస్?" అంటే పిలిస్తే పలుకుతున్నాడా అని. "ఈజ్ హీ బ్రీదింగ్?" అంటే ఊపిరి ఆడుతోందా అని. రెండింటికీ యెస్ లేదా నో చెప్పండి, కథ చెప్పకండి. ‘కాన్షియస్’ అని మనవాళ్లు పలుకుతారు, ‘కాన్షస్’ అనాలి. అయినా కంగారులో ఎలా పలికినా అర్థం చేసుకుంటారు.

కరెంటు షాకు కొట్టి బతికితే ‘గాట్ ఎ షాక్’. ‘ఎలక్ట్రొక్యూటెడ్’ అంటే మామూలుగా షాకుతో చనిపోయాడనే. ఇదీ డ్రౌన్డ్ లాంటి ఉచ్చే.

అయిదో మెట్టు: మెసేజ్ రాయడం

వరస ఇది: చోటు, అంతస్తు, ఎంతమంది, ఏ స్థితి, ఏం కావాలి, ఫోన్ నంబరు. చోటే ముందు, ఎందుకంటే ఫోన్ మధ్యలో కట్ కావచ్చు, చార్జింగ్ అయిపోవచ్చు. మిగతావేవీ తెలియకపోయినా చోటు తెలిస్తే మనిషి వస్తాడు. ‘ప్లీజ్ హెల్ప్’, ‘ఫార్వర్డ్ టు ఆల్’ లాంటివి చివర్లోకి తోసేయండి. వీలైతే అసలు రాయకండి.

ఒక నమూనా. "సింగ్‌నగర్, పైపుల రోడ్. థర్డ్ లేన్ బిహైండ్ ద టెంపుల్, ఎల్లో బిల్డింగ్. సెకండ్ ఫ్లోర్. ఫైవ్ పీపుల్: టూ ఎల్డర్లీ, వన్ ఇన్‌ఫంట్. స్ట్రాండెడ్, నో ఇంజరీస్. నీడ్ బోట్. సండే, సిక్స్ పీఎం." చివర్లో రోజూ సమయమూ తప్పనిసరి. ఆ వరదలో, మనుషులు బయటపడ్డాక కూడా పాత మెసేజ్‌లు రోజుల తరబడి తిరుగుతూనే ఉన్నాయి. బయటపడగానే "రెస్క్యూడ్. నో హెల్ప్ నీడెడ్ నౌ" అని అదే చోట రాయండి. మీ కోసం వెతికే పడవ ఇంకొకరి దగ్గరికి వెళ్తుంది.

వృద్ధులకు ‘ఎల్డర్లీ’, పసిబిడ్డకు ‘ఇన్‌ఫంట్’, గర్భిణికి ‘ప్రెగ్నెంట్’, మంచంలో ఉన్నవాళ్లకు ‘బెడ్‌రిడెన్’. ఈ నాలుగు మాటల్లో ఏ ఒక్కటి ఉన్నా ఆ మెసేజ్‌కు ముందు పడవ వస్తుంది. లేకపోయినా పెట్టే అతితెలివి కూడా చూశాను. చేయకండి.

‘రెస్క్యూ’, ‘రిలీఫ్’ కలిపేయకూడదు. రెస్క్యూ అంటే మనిషిని బయటికి తీయడం. రిలీఫ్ అంటే ఉన్నచోటికి తిండీ నీళ్లూ మందులూ రావడం. డాబా మీద ఉంటామనుకున్నవాళ్లు ‘నీడ్ రెస్క్యూ’ అని రాస్తే పడవ వచ్చి వట్టిగా వెనక్కి పోతుంది. వాళ్లకు కావాల్సింది పాలూ మంచినీళ్లే కదా. "వియ్ ఆర్ సేఫ్. వియ్ ఆర్ రన్నింగ్ అవుట్ ఆఫ్ డ్రింకింగ్ వాటర్" అంటే సరిపోతుంది. ‘రన్నింగ్ అవుట్’ అంటే అడుగంటుతోంది అని, ఇంకా పూర్తిగా అయిపోలేదని.

అంతస్తు దగ్గర ఒక పేచీ ఉంది. మన ఫస్ట్ ఫ్లోర్ అంటే మెట్లెక్కాక వచ్చేది. అమెరికాలో ఫస్ట్ ఫ్లోర్ అంటే నేల మీదున్నదే. అక్కడున్న కొడుకు ఇక్కడి తల్లిదండ్రుల గురించి రాసేటప్పుడూ, ఇక్కడినుంచి వెళ్లిన పిల్ల అక్కడి అత్యవసర నంబరు 911కి చెప్పేటప్పుడూ ఒక అంతస్తు తేడా వస్తుంది. పొగ నిండిన అపార్ట్‌మెంటులో ఒక అంతస్తు తేడా చిన్నదేమీ కాదు. ‘వన్ ఫ్లోర్ అబవ్ ద స్ట్రీట్’ అనేస్తే ఏ దేశంలోనైనా ఒకటే అర్థం.

ఆరో మెట్టు: రక్షించడానికి వచ్చినవాళ్లు అరిచే మాటలు

ఇవి మీరు మాట్లాడక్కర్లేదు, చెవిన పడగానే ఒళ్లు కదలాలి. ‘స్టే పుట్’ అంటే ఉన్నచోటే ఉండమని, ఏదో పెట్టమని కాదు. ‘హ్యాంగ్ ఆన్’, ‘హోల్డ్ ఆన్’ అంటే గట్టిగా పట్టుకోమని. ఫోనులో అంటే మాత్రం లైనులో ఉండమని. ‘వన్ ఎట్ ఎ టైమ్’, ఒక్కొక్కరే. ‘స్టెప్ బ్యాక్’, వెనక్కి జరగండి. ‘స్టే లో’, పొగలో వంగి పాకమని. ‘లీవ్ ఇట్’, ఆ సంచీ వదిలెయ్ అని. మనవాళ్లకు అన్నింటికంటే కష్టమైన ఇంగ్లీషు ఈ చివరిదే.

భూకంపానికి మూడు మాటలు: ‘డ్రాప్, కవర్, హోల్డ్ ఆన్’. కిందికి వంగు, బల్ల కింద దూరు, దాన్ని పట్టుకో. 2024 డిసెంబర్ 4న ములుగులో 5.3 తీవ్రతతో వచ్చినప్పుడు బెజవాడలోనూ కంపనం తెలిసింది. అలాంటి చిన్న కుదుపును ‘ట్రెమర్’ అంటారు. కొండ మీంచి దొర్లే బండరాయి ‘బౌల్డర్’. మొగల్రాజపురంలో 2024 ఆగస్టు 31న ఇళ్ల మీద పడి ప్రాణాలు తీసినవి అవే. కూలిన చెత్తా ఇటుకలూ ‘డెబ్రీ’, చివర రాసే ఎస్ పలకకూడదు. అగ్నిప్రమాదాన్ని మనం ‘ఫైర్ యాక్సిడెంట్’ అంటాం, విదేశాల్లో ఉత్త ‘ఫైర్’ చాలు.

‘ఇవాక్యుయేట్’ను ‘వెకేట్’తో కలపకండి. వెకేట్ ఇంటి ఓనరు అంటాడు, అద్దె ఒప్పందం ప్రకారం. ఇవాక్యుయేట్ కలెక్టరు అంటాడు, అప్పటికప్పుడు.

ఏడో మెట్టు: వరద తీశాక

నీళ్లలో మునిగిన బండి స్టార్ట్ చేయకండి. ముందది. తర్వాత ఇంగ్లీషు. క్లెయిమ్ కాగితంలో నీళ్లు ఇంజన్లోకి వెళ్లడాన్ని ‘వాటర్ ఇన్‌గ్రెస్’ అంటారు. మునిగాక స్టార్ట్ చేస్తే ఇంజను చెడుతుంది, అలా చెడిన దాన్ని ‘కాన్సిక్వెన్షియల్ లాస్’ అంటూ పక్కన పెట్టే అవకాశం ఉంది. అందుకే, నిజంగా అలాగే జరిగి ఉంటే, ఈ రెండు వాక్యాలూ స్పష్టంగా రాయండి: "ద వెహికల్ వాజ్ పార్క్‌డ్. ద ఇంజన్ వాజ్ నాట్ స్టార్టెడ్ ఆఫ్టర్ ద ఫ్లడ్." వచ్చి చూసే మనిషి ‘సర్వేయర్’. ఆయన రాకముందే ఇల్లు కడిగేయాల్సి వస్తే గోడ మీది నీటి గీతతో సహా ఫొటోలు తీసి పెట్టుకోండి. ఆ గీత ‘వాటర్‌మార్క్’.

‘డ్యామేజ్’ ఎప్పుడూ ఏకవచనమే. చివర ఎస్ చేర్చి ‘డ్యామేజెస్’ అంటే కోర్టు ఇప్పించే నష్టపరిహారం. ప్రభుత్వం ఇచ్చేది ‘కాంపెన్సేషన్’ లేదా ‘రిలీఫ్’. ఇంటింటికీ వచ్చి రాసుకునే లెక్క ‘ఎన్యూమరేషన్’. మనం పునరావాసం అన్న ఒక్క మాటతో సరిపెట్టే చోట ఇంగ్లీషులో రెండున్నాయి: నాలుగు రోజులు తలదాచుకునే స్కూలు ‘రిలీఫ్ క్యాంప్’, మళ్లీ ఇల్లూ బతుకూ నిలబెట్టడం ‘రీహాబిలిటేషన్’.

ఎలా సాధన చేయాలి

మా క్లాసులో ఇద్దరిద్దరిని వీపులు ఆనించి కూర్చోబెడతాను, ముఖాలు కనబడకుండా. ఒకరు 911 ఆపరేటరు. అక్కడ ముందు అడిగేది సాధారణంగా అడ్రసే. బ్రిటన్‌లో 999కి చేస్తే ‘విచ్ సర్వీస్?’ అని అడుగుతారు. అక్కడ కథ మొదలుపెట్టకుండా ‘ఫైర్’, ‘పోలీస్’, ‘అంబులెన్స్’ అని ఒక్క మాట చెప్పాలి. ఆస్ట్రేలియాలో ట్రిపుల్ జీరో. ఇరవై సెకన్లలో చోటు చెప్పలేకపోతే ఆపరేటరు ఫోన్ పెట్టేస్తాడు. నిజం ఆపరేటర్లు అలా పెట్టరు, మా ఆటలో పెడతారు.

ఇంట్లో అయితే ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించండి. పైన డోర్ నంబరు, వీధి, దగ్గరి గుర్తు, వీధి నుంచి లెక్కబెట్టిన అంతస్తు. కింద ఇంట్లో ఉండే మనుషుల సంఖ్య, మందులు వాడేవాళ్ల పేరు, మందు పేరు. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. ఆ అమ్మాయి వాళ్లింట్లో ఆ కాగితం ఇప్పుడు ఫ్రిజ్ మీద లేదు. కింది గదిలో ఉన్న ఫ్రిజ్ ఆ వరదలో పోయింది. డాబా మెట్ల పక్కన గోడ మీద పెయింటుతో రాయించారు, నీటి గీతకు రెండడుగులు పైన.